రిపోర్టులన్నీ బాగున్నాయి, మరి నొప్పెందుకు?

ఆళ్లగడ్డలో పొద్దున నంద్యాల బస్సెక్కేవాళ్లను గమనించండి. ఎవరో ఒకరి ఒళ్లో బట్టల అంగడి సంచీ ఒకటి ఉంటుంది. దాంట్లో బట్టలుండవు. పొట్ట స్కానింగులు, రక్తపరీక్షల కాగితాలు, ఎండోస్కోపీ ఫొటోలు, నాలుగైదు ఆసుపత్రుల చీటీలు ఉంటాయి. ఆ సంచీ ప్రయాణం ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మొదలవుతుంది. అక్కణ్నుంచి ఆళ్లగడ్డ సర్కారు ఆసుపత్రి, తర్వాత నలభై కిలోమీటర్ల అవతల నంద్యాల, ఆ తర్వాత కర్నూలు పెద్దాసుపత్రి. ఇంకా అప్పు పుడితే హైదరాబాదో, వేలూరో. కాగితాలు పెరుగుతాయి, అప్పూ పెరుగుతుంది. మొదటి డాక్టరు చెప్పిందే చివరి డాక్టరూ చెబుతాడు: "మీకేం లేదమ్మా, అన్నీ నార్మల్‌గా ఉన్నాయి."

ఇంట్లోవాళ్లకు ఆ మాట పెద్ద ఊరట. నొప్పి పడే మనిషికి మాత్రం అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. "యాడికి పోయినా ఏమీ లేదనే చెప్తాండారు, ఈమెకు మాత్రం ఎప్పుడు చూసినా నొప్పంట" అని అత్త అంటుంది. పని తప్పించుకోవడానికేనని తోడికోడలు అనుకుంటుంది. మొగుడు పైకి ఏమీ అనడు గాని, మళ్లీ నొప్పనగానే మొహం తిప్పుకుంటాడు. కొన్నాళ్లకు ఆ మనిషి నొప్పని చెప్పడమే మానేస్తుంది. చెప్పడం మానేసిందంటే నొప్పి పోయిందని కాదు గదా.

మన పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి ఒక చిన్న వార్త వస్తూనే ఉంది. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, వార్త మారదు: కడుపునొప్పి తాళలేక ఫలానావాళ్లు ప్రాణం తీసుకున్నారని. కొన్నిచోట్ల అసలు కారణం వేరే ఉండొచ్చు, ఇంటి పరువు కోసం కడుపునొప్పి అని రాయించి ఉండొచ్చు. అయినా దేశం లెక్కలు చూడండి. 2022లో ఆత్మహత్యలకు నమోదైన కారణాల్లో కుటుంబ సమస్యల తర్వాత రెండో స్థానం అనారోగ్యానిది, నూటికి 18 మందికి పైగా. ఆ వార్త చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. ప్రాణం తీసేంత జబ్బు ఒంట్లో లేదని డాక్టర్లు తేల్చిన మనిషి కూడా ఆ నొప్పితో, ఎవరూ నమ్మలేదన్న బాధతో పోవడం జరుగుతోంది. అందుకే ఈ కబురు చెప్పాలనిపించింది. కాస్త ఓపిగ్గా వినండి.

ముందు స్కానింగు సంగతి. అది చూపేది ఆకారాన్ని. రాయి ఉందా, గడ్డ ఉందా, వాపు ఉందా, నీరు చేరిందా అని చూస్తుంది. ఎండోస్కోపీ లోపలి పొరను చూస్తుంది, పుండుంటే పట్టిస్తుంది. పేగు ఎలా కదులుతోంది, దాని నరాలు మెదడుకు ఏం చేరవేస్తున్నాయి, ఆ మెదడు దాన్నెలా అందుకుంటోంది అన్నవి ఈ రెండింట్లోనూ కనబడవు. కాబట్టి రిపోర్టు బాగుందంటే, ఆ యంత్రానికి దొరికే జబ్బు లేదని అర్థం. అది మంచి కబురే. నొప్పి అబద్ధమని మాత్రం ఏ యంత్రమూ చెప్పదు, చెప్పలేదు.

ఇప్పుడు పేగుల్లోకి పోదాం. మనిషి చిన్నపేగు పొడవు సుమారు 6 మీటర్లు, పెద్దపేగు ఒకటిన్నర మీటరు. ఇంత పొడవునా గోడల్లో కోట్లకొద్దీ నరకణాలున్నాయి. వెన్నుపాములో ఉన్నవాటితో పోల్చదగినన్ని ఉంటాయంటారు. ఇవి మెదడు ఆజ్ఞ కోసం ఎదురుచూడవు. 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అని ఇద్దరు బావాబావమరదులు ఈ సంగతి తేల్చారు. బయటినుంచి పేగుకు వచ్చే నరాలన్నీ తెంచేసినా, లోపల ముద్ద తగిలితే చాలు, పేగు తనంతట తానే వెనక బిగిసి ముందు వదులై దాన్ని నెట్టుకుంటూ పోయింది. మనం తిన్న సంగటి ముద్ద ఆ చివరికి చేరేవరకు ఈ నరాలదే పెత్తనం. మనసు కుదురుకు సంబంధించిందని అందరూ చెప్పుకునే సెరొటోనిన్ ఉంది చూడండి, మన ఒంట్లో ఉన్నదాంట్లో నూటికి తొంభై పాళ్లు తయారయ్యేది పేగుల్లోనే.

పేగు నొప్పికి ఒక వింత గుణం ఉంది. చర్మం మీద చిన్న గాటు పడితే విలవిల్లాడతాం. పేగును కోసినా, కాల్చినా అంత నొప్పి తెలియదు. అదే పేగు ఉబ్బినా, గట్టిగా మెలిపెట్టినా, దానికి రక్తం అందకపోయినా ప్రాణం పోయినట్టు ఉంటుంది. పైగా నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడుకు సరిగ్గా తెలియదు. అపెండిక్స్ ఉండేది కుడివైపు కింద. దాని నొప్పి మొదట బొడ్డు చుట్టూ మొదలై తర్వాత కిందికి జరుగుతుంది. పిత్తాశయం నొప్పి ఒక్కోసారి కుడిభుజంలో కనబడుతుంది. "ఒకసారి ఇక్కడంటుంది, ఒకసారి అక్కడంటుంది, అంతా నటన" అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి. చోటు తప్పి కనబడడం పొట్టనొప్పికి పుట్టుకతో వచ్చిన లక్షణం.

మనసుకూ పొట్టకూ ఉన్న చుట్టరికాన్ని మొదట కళ్లారా చూసింది విలియం బోమాంట్ అనే అమెరికా సైనిక వైద్యుడు. 1822 జూన్‌లో మాకినా దీవిలో, తోళ్ల వ్యాపారంలో పనిచేసే అలెక్సిస్ సెంట్ మార్టిన్ అనే కుర్రవాడికి పొరపాటున తుపాకీ పేలి పొట్ట చిల్లి పడింది. కుర్రవాడు బతికాడు గాని ఆ చిల్లి పూడలేదు. బోమాంట్ ఏళ్ల తరబడి దాంట్లోంచి లోపలికి చూశాడు. తిండి ముక్కలను పట్టుదారానికి కట్టి లోపలికి వదిలి, ఎంతసేపటికి అరుగుతాయో లెక్క రాశాడు. 1833లో అచ్చువేసిన పుస్తకంలో, ఆ మనిషికి కోపమొచ్చినప్పుడు లోపలి పొర, అరుగుదల ఎలా మారిపోతున్నాయో కూడా రాశాడు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి మాట ఇది. పేగునుంచి మెదడుకు, మెదడునుంచి పేగుకు వార్తలు నిత్యం నడుస్తూనే ఉంటాయి. పరీక్ష రోజు పొద్దున విరేచనం కాని పిల్లవాడు ఎవడుంటాడు చెప్పండి.

మరి కొందరికే ఇంత నొప్పెందుకు? ఇంగ్లండులో రిచీ అనే వైద్యుడు 1973లో ఒక ప్రయోగం అచ్చువేశాడు. పెద్దపేగు చివర చిన్న బెలూను పెట్టి మెల్లగా గాలి నింపాడు. ఒకే కొలత గాలికి ఆరోగ్యవంతుల్లో ఏ కొద్దిమందికో నొప్పి తెలిసింది. కారణం దొరకని పొట్టనొప్పి ఉన్నవాళ్లలో సగం మందికి పైగా నొప్పి వచ్చింది. గాలి అదే, బెలూనూ అదే. తేడా అంతా నరాలు దాన్ని అందుకున్న తీరులో ఉంది. మహానంది శివరాత్రి తిరునాళ్లలో మైకుసెట్టు దగ్గర నిలబడి చూడండి. సౌండు పెంచే మరను చివరికంటా తిప్పేస్తే, మైకు ముందు ఎవరో ఊపిరి పీల్చినా తిరునాళ్లంతా వినబడుతుంది. ఊపిరి మామూలుదే. తిప్పింది మర. ఈ మనుషుల పొట్టలో జరిగేదీ అదే. అందరి పేగుల్లోనూ కదిలే గాలి, అందరి పేగుల్లోనూ జరిగే మెలితిప్పు, వీళ్లకు నొప్పిగా వినబడుతుంది. వినబడుతున్నది నిజంగానే వినబడుతోంది.

ఆ మరను తిప్పేవి రకరకాలు. ఒకటి, గట్టిగా పట్టిన వాంతులు విరేచనాలు. 2000 సంవత్సరం మే నెలలో కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊళ్లో తాగునీరు కలుషితమై రెండువేల మందికి పైగా జబ్బుపడ్డారు. తర్వాత ఏళ్లపాటు ఆ ఊరిని పరిశీలిస్తే, అప్పుడు విరేచనాలు పట్టినవాళ్లలో మూడోవంతు మందికి పైగా రెండేళ్ల తర్వాత కూడా పొట్టనొప్పితో, కుదురులేని విరేచనంతో బాధపడుతున్నారు. సూక్ష్మజీవి ఎప్పుడో పోయింది, నరాల ఉలికిపాటు మిగిలింది. మన పాణ్యం మండలం గోరుకల్లులో 2021 ఏప్రిల్‌లో అతిసారం ప్రబలిన సంగతి జిల్లాలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇలాంటిది వచ్చిపోయిన ఊళ్లలో, ఆ తర్వాత పొట్ట కుదుటపడని మనుషుల్ని ప్రత్యేకంగా అడిగి చూడాలని నా అభిప్రాయం. నిద్రలేమి, తీరని దిగులు, చిన్నప్పుడు పడ్డ దెబ్బలు, వేళాపాళా లేని తిండి ఇవీ మరను తిప్పుతాయి. బ్యాంకు పరీక్షల కోచింగుకని నంద్యాలకొచ్చి, గదుల్లో ఉంటూ అర్ధరాత్రి దాకా చదివి, పొద్దున టిఫిను మానేసే పిల్లలకు ఈ బాధ రావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ జబ్బుకు పేరు లేదనుకోకండి. రోమ్ ఫౌండేషన్ అని పలు దేశాల పేగువైద్యులు కలిసి నడిపే సంస్థ ఒకటుంది. వాళ్లు 2016లో సవరించిన కొలమానం ప్రకారం, పేగుకూ మెదడుకూ మధ్య వ్యవహారం చెడడం వల్ల వచ్చే జబ్బులివి. అందులో బాగా తెలిసింది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్). ఆర్నెల్ల కిందటే మొదలై, గత మూడు నెలల్లో వారానికి కనీసం ఒకరోజైనా పొట్టనొప్పి ఉండి, ఆ నొప్పి విరేచనంతో ముడిపడి ఉండడం, విరేచనం ఎన్నిసార్లన్నది మారడం, దాని తీరు మారడం, ఈ మూడింటిలో రెండైనా ఉంటే ఐబీఎస్ అంటారు. పైపొట్టలో మంట, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం ఇంకో రకం. 2021లో 33 దేశాల్లో 73 వేల మందికి పైగా అడిగి వేసిన లెక్క ఒకటి వచ్చింది. ఇంటర్‌నెట్‌లో జవాబిచ్చినవాళ్లలో పదిమందికి నలుగురు, మన దేశంతో సహా ఇంటింటికీ తిరిగి అడిగిన దేశాల్లో పదిమందికి ఇద్దరు, ఇలాంటి ఏదో ఒక బాధ ఉన్నవాళ్లే. కాబట్టి ఆ సంచీ పట్టుకున్న మనిషి ఒంటరి కాదు. బస్సులో పక్కసీటాయనకూ ఉండొచ్చు, ఆయన చెప్పడంతే.

పిల్లల మాట విడిగా చెప్పాలి. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్లో జాన్ ఆప్లీ అనే పిల్లల వైద్యుడు వెయ్యిమంది బడిపిల్లల్ని చూసి 1958లో ఒక లెక్క చెప్పాడు. మూడు నెలల్లో మూడుసార్లయినా ఆట, చదువు ఆగిపోయేంత పొట్టనొప్పి వచ్చే పిల్లలు ప్రతి పదిమందికి ఒకరున్నారు. వాళ్లలో అత్యధికులకు ఒంట్లో ఏ చెడూ లేదు. ఆయన చెప్పిన గురుతు ఇప్పటికీ పనికొస్తుంది: నొప్పి బొడ్డునుంచి ఎంత దూరంగా ఉంటే, లోపల ఏదో జబ్బుండే అవకాశం అంత ఎక్కువ. బడికి పోయే వేళకే నొప్పి వస్తే పిల్లవాణ్ని దొంగ అనకండి. ఆ వేళకు వాడి భయం నిజం, నొప్పీ నిజం. ఇంకో సంగతి. ఇలాంటి పిల్లల స్కానింగులో లింఫు గడ్డలు వాచాయని తరచుగా రాస్తారు. చిన్న చిన్న గడ్డలు ఆరోగ్యంగా ఉన్న పిల్లల పొట్టలోనూ కనబడతాయి. ఆ ఒక్క వాక్యం పట్టుకుని టీబీ మందులు మొదలుపెట్టే ముందు పిల్లల డాక్టర్ని ఒకటికి రెండుసార్లు అడగండి.

ఇంతా చెప్పాక, కారణం దొరకని ప్రతి నొప్పీ నరాలదేనని తేల్చేయకూడదు. ఒక కాలంలో కారణం తెలియనివి తర్వాత తెలిశాయి. కడుపులో పుండు దిగులు వల్ల, కారం వల్ల వస్తుందని ప్రపంచమంతా నమ్మే రోజుల్లో, 1984లో ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఒక సూక్ష్మజీవిని పెంచిన ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. ఆ హెలికోబాక్టర్ పైలొరైని కనిపెట్టినందుకు 2005లో ఆయనకూ రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. ఇప్పుడు రెండు వారాల యాంటీబయాటిక్‌తో పుండు నయమవుతోంది. మన దక్షిణాదిలో, పడుచు వయసులోనే పైపొట్టలో నొప్పి పుట్టి వీపులోకి పోవడం, క్లోమంలో రాళ్లు, వెనకే షుగరు, ఈ జబ్బు చాలాకాలం అంతుబట్టలేదు. హైదరాబాదులో సీసీఎంబీ వాళ్లు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్లు కలిసి, ఇలాంటి రోగుల్లో చాలామందికి స్పింక్1 అనే జన్యువులో తేడా ఉందని 2002లో చూపించారు. ఆ ఏషియన్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఎంబీబీఎస్ చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే.

ఇంకొన్ని నొప్పులు పేగుల్లో పుట్టనే పుట్టవు, పొట్ట గోడలో పుడతాయి. చిన్న నరం ఒకటి కండలోంచి బయటికొచ్చేచోట నలిగితే, వేలు పెట్టి చూపగలిగినంత చోట గుచ్చినట్టు నొప్పి వస్తుంది. ఏ స్కానింగుకూ దొరకదు. దీనికి జాన్ కార్నెట్ అనే అమెరికా సర్జను 1926లో చెప్పిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పున్నచోట డాక్టరు వేలితో నొక్కిపట్టి, తలా భుజాలూ పైకెత్తమంటాడు. పొట్ట కండలు బిగుసుకుంటాయి. లోపలి అవయవంలో నొప్పయితే కండల చాటుకు పోయి తగ్గుతుంది. గోడలోదైతే ఇంకా ఎక్కువవుతుంది. అక్కడే ఒక మత్తుసూది వేస్తే చాలామందికి ఏళ్లనాటి నొప్పి అక్కడికక్కడే సడలుతుంది. లక్ష రూపాయల పరీక్షలు చేయించుకున్న సంచీల్లో, ఈ పరీక్ష చేసినట్టు రాసిన కాగితం ఎంత వెతికినా అరుదుగా గాని కనబడదు. మీ డాక్టర్ని మర్యాదగా అడగండి, తప్పేం లేదు.

మనం వేసుకునే మాత్రల సంగతి కూడా చూడాలి. ఆళ్లగడ్డ శిల్పుల వీధిలోకి పోతే రోజంతా వంగి ఉలి పట్టుకున్న మనుషులు కనబడతారు. పొలంలో నాట్లేసేవాళ్లదీ అదే తంతు. ఇలాంటి పనుల్లో నడుముకూ మోకాళ్లకూ నొప్పి మాత్ర మందులషాపులో చేతికి దొరుకుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పొర ఒరుసుకుపోయి పుండు పడుతుంది. పొట్టనొప్పికి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, నడుమునొప్పికి వేసుకుంటున్న మాత్ర సంగతి ఎవరూ చెప్పరు. చెప్పండి. ఆ ఒక్క మాటతో కొందరి నొప్పికి కారణం బయటపడుతుంది.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. వీళ్లలో నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు. కానీ కడుపునొప్పి, తెల్లబట్ట, నడుమునొప్పి అని పోతే "ఇట్లే వదిలేస్తే క్యాన్సరవుతాది" అని భయపెట్టి ముప్పై ఏళ్లకే తీసేసిన కథలు మన ఊళ్లలో వీధికొకటి ఉన్నాయి. తీసేశాక కూడా నొప్పి పోలేదని చెప్పే ఆడవాళ్లున్నారు. ఎందుకు పోతుంది? మర తిరిగింది పేగు నరాల్లో అయితే, గర్భసంచి తీస్తే ఏం లాభం? దాంతోపాటు అండాశయాలు కూడా తీస్తే ఎముకలు ముందే బలహీనపడతాయి, గుండెకూ ముప్పు పెరుగుతుంది. ఈ అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పవలసి వచ్చింది. అపెండిక్స్ ఆపరేషనుకూ ఇదే మాట. నెలల తరబడి వచ్చిపోయే నొప్పికి అపెండిక్స్ కారణమవడం అరుదు. అది వస్తే గంటల్లో, రోజుల్లో ముదిరి తేలిపోయే జబ్బు.

దీనికి ఎదురు సంగతి కూడా ఉంది తల్లీ. నెలసరికి ముందు మొదలై, ఆ రోజుల్లో మెలిపెట్టి, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే నొప్పిని "ఆడపుట్టుక పుట్టాక మామూలే" అని తోసేయకూడదు. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మామూలు స్కానింగులో కనబడకపోవచ్చు. దీన్ని గుర్తించడానికి ఏళ్లు పట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఆలస్యం చేయకుండా మళ్లీ పరీక్ష చేయించుకోవలసిన గుర్తులు ఇవి. తగ్గాలనుకోకుండానే బరువు తగ్గడం, విరేచనంలో రక్తం లేదా తారులాంటి నలుపు, సాయంత్రం జ్వరం, కళ్లు పచ్చబడడం, ఆగని వాంతులు, మింగుడు పడకపోవడం, రక్తహీనత, గాఢనిద్రలోంచి లేపేసే నొప్పి, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పి, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం. మన దగ్గర పేగు టీబీ ఇంకా ఉంది, దాన్ని మరవకూడదు. ఉన్నట్టుండి పొట్ట చెక్కలాగా గట్టిపడి, నొప్పి భరించలేనంతగా వస్తే ఈ కబుర్లన్నీ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకుండా, మామూలు రక్తపరీక్షలు, మలపరీక్ష, ఒక స్కానింగు బాగుండి, ఐబీఎస్ అని ఒక మంచి డాక్టరు తేలిస్తే, తర్వాత వేరే పెద్ద జబ్బు బయటపడడం చాలా అరుదు. ప్రతి ఆర్నెల్లకూ సీటీ స్కాను తీయించుకోవలసిన పనిలేదు. ఒక్క పొట్ట సీటీలో పడే రేడియేషను, ప్రకృతి నుంచి మనకు సుమారు మూడేళ్లలో పడేదానికి సమానం.

పెట్టుడుమందు అని కక్కించేవాళ్ల దగ్గరికి పోవడం, పసిపిల్లల పొట్టమీద వాతలు పెట్టడం గురించి ఒకటే మాట. వద్దు. కక్కించేటప్పుడు బలవంతాన పట్టించేవాటితో, ఆ వాతలు చీము పట్టడంతో కొత్త జబ్బులొస్తాయి.

మరి చేయవలసిందేమిటి? మొట్టమొదట, ఊరూరా తిరగడం మాని ఒక డాక్టర్ని పట్టుకోండి. దగ్గర్లో ఉండాలి, కూర్చోబెట్టి పూర్తిగా వినేవాడై ఉండాలి. నంద్యాలలోనే 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, ప్రతిదానికీ హైదరాబాదు పోనక్కర్లేదు. నెలకోసారి, నొప్పి తగ్గినా సరే, పోయి కనబడండి. సంచీకి బదులు ఒక నోటు పుస్తకం తీసుకుపోండి. నొప్పి ఎప్పుడొచ్చింది, ఏం తిన్నారు, విరేచనం ఎలా ఉంది, నిద్ర పట్టిందా, ఆరోజు ఇంట్లో ఏమైంది, నెలసరి తేదీ, రెండు వారాలు రాస్తే డాక్టరుకు చాలా సంగతులు తెలుస్తాయి.

తిండి దగ్గర మన సీమవాళ్లకు ఒక అదృష్టం ఉంది. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005 ప్రాంతం నుంచి, పేగుల్లో సరిగా ఇంకకుండా పులిసి గాలి పుట్టించే కొన్ని పిండిపదార్థాలను లెక్కగట్టి, వాటిని తగ్గిస్తే ఐబీఎస్ నొప్పి తగ్గుతుందని చూపించారు. ఆ జాబితాలో గోధుమలున్నాయి. జొన్నలు లేవు, వరన్నం లేదు. షుగరుకు మంచిదని రాత్రి చపాతీలకు మారి పొట్ట ఉబ్బిపోతున్నవాళ్లు మళ్లీ జొన్నరొట్టెకు వచ్చి చూడండి. మన కూరల్లో ముఖ్యమైన ఎర్రగడ్డ, తెల్లగడ్డ మాత్రం ఆ జాబితాలో పైవరసలో ఉన్నాయి. శనగలు, అలసందలు కూడా. బుడ్డల చట్నీకి భయం లేదు, దాంట్లో తెల్లగడ్డ తగ్గించండి. పాలు పడని పెద్దవాళ్లు మనలో చాలామంది, వాళ్లకు పెరుగు, మజ్జిగ నయం. ఇవన్నీ నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటీ తిరిగి కలుపుకుంటూ ఏది పడదో తేల్చుకోవాలి. జన్మంతా మానేయడానికి కాదు. ఎర్రకారం విషయం కూడా చెప్పాలి. మిరపకాయ మంటను పట్టుకునే అణువును కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అదే అణువు పేగు నరాల్లోనూ ఉంది, ఐబీఎస్ ఉన్నవాళ్లలో అది ఎక్కువగా ఉన్న నరాలు కనబడ్డాయి. ఉగ్గాణి తినండి. పక్కన మిరపకాయ బజ్జీ కొన్నాళ్లు వద్దు. మలబద్ధకం ఉంటే ఇసబ్గోల్ చిన్న చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, నీళ్లు బాగా తాగాలి.

మనసు వైద్యం అంటే మన దగ్గర పిచ్చికి మందు అనుకుని భయపడతారు. మాంచెస్టర్‌లో వార్‌వెల్ అనే వైద్యుడు 1984లోనే, పేగు సడలుతున్నట్టు మనసును నిదానింపజేసే చికిత్సతో మొండి ఐబీఎస్ తగ్గుతుందని చూపించాడు. రోజుకు రెండుసార్లు పది నిమిషాలు, పొట్ట మీద చేయి పెట్టుకుని మెల్లగా లోతుగా ఊపిరి తీసుకోవడం దాంట్లో ఇంటిదగ్గర చేసుకోగల భాగం. 2010లో బోస్టన్‌లో ఇంకో చిత్రం జరిగింది. 80 మంది రోగుల్లో సగం మందికి "దీంట్లో మందు లేదు" అని చెప్పి మరీ ఉత్త మాత్ర ఇచ్చారు. నూటికి 59 మందికి గుణం కనిపించింది. మాత్ర ఇవ్వనివాళ్లలో నూటికి 35 మందికి. రెండు జట్లతోనూ డాక్టరు దగ్గర కూర్చుని సావధానంగా మాట్లాడాడు. ఓపిగ్గా వినడం, క్రమం తప్పకుండా చూడడం కూడా నరాల మీద పనిచేస్తాయని నేను దీన్నుంచి గట్టిగా నమ్ముతాను. ఇంట్లోవాళ్లూ ఆ పని చేయగలరు. "ఇంకా నొప్పేనా?" అని విసుక్కోకుండా "ఈరోజెట్లుంది?" అని అడిగితే చాలు. బతకాలనిపించడం లేదని ఆ మనిషి ఎప్పుడైనా అంటే మాట దాటేయకండి, ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా పగలైనా, డబ్బు తీసుకోరు.

మందుల్లో పేగు మెలితిప్పును సడలించేవి నొప్పి లేచినప్పుడు పనికొస్తాయి. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలు, సూదులు అలవాటు చేసుకోవద్దు, వాటివల్లే కొందరికి పొట్టనొప్పి ఇంకా ముదురుతుంది. నొప్పి సౌండు తగ్గించే మందు ఇంకొకటుంది, అమిట్రిప్టిలిన్. పాతది, చవకది. ఇంగ్లండులో 463 మంది మీద ఆర్నెల్లు చేసిన పరీక్ష 2023లో అచ్చయింది, అది బాగానే పనిచేసింది. రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, డాక్టరు చూస్తూ మెల్లగా 30 దాకా పెంచుతారు. దిగులుజబ్బుకు వాడే మోతాదు దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మందులషాపులో ఎవరైనా "ఇది మెంటల్ మాత్ర గదా" అంటే ఆ మాట పట్టుకుని మానేయకండి. నోరు ఎండడం, పొద్దున కాస్త మత్తు మొదటి వారాల్లో ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. గుండె జబ్బు, కంటి నీటికాసులు, మూత్రం సరిగా రాని బాధ ఉంటే ముందే చెప్పాలి. గుణం తెలియడానికి నెల, నెలన్నర పడుతుంది. వారం వేసుకుని ఏమీ తగ్గలేదని వదిలేసి మళ్లీ కొత్త డాక్టరు దగ్గరికి బస్సెక్కవద్దు. ఆ నెలన్నరా నోటు పుస్తకంలో రాస్తూ ఉండండి, తర్వాత అదే డాక్టరు దగ్గరికి అదే పుస్తకంతో పోండి.